చర్మం కింద రక్తం ఎలా పారుతోంది: లేజర్ స్పెకిల్ కెమెరా డైరీ

మే, మొదటి వారం

కాలేజీకి సెలవులు. హన్మకొండలో ఎండలు మండిపోతున్నాయి, ఫిజిక్స్ ల్యాబ్ ఖాళీ. చీకటి గది తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఈ సెలవుల్లో తలపెట్టిన పని ఒకటే. చర్మం కింద రక్తం ఎక్కడ చురుగ్గా పారుతోంది, ఎక్కడ మందగించింది అన్నది సూది గుచ్చకుండా, ఒంటికి తాకకుండా బొమ్మగా చూపించే కెమెరా తయారు చేయాలి. దీన్ని లేజర్ స్పెకిల్ కాంట్రాస్ట్ ఇమేజింగ్ అంటారు.

లేజర్ వెలుగు గరుకు ఉపరితలం మీద పడినప్పుడు సాఫీగా కనిపించదు. చిన్న చిన్న వెలుగు చుక్కలు, చీకటి చుక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో చోటు నుంచి తిరిగొచ్చే తరంగాలు కొన్నిచోట్ల ఒకదానికొకటి తోడై, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల వచ్చేవి అవి. వాటినే స్పెకిల్ అంటారు. 1960లో లేజర్ పుట్టిన కొత్తలో ఫొటోలు తీసేవాళ్లకి ఈ చుక్కలు పెద్ద తలనొప్పి. కానీ వెలుగు పడిన చోట కదిలే రేణువులుంటే చుక్కలు కూడా కదులుతాయి. కెమెరా షట్టర్ తెరిచి ఉన్న ఆ కొద్ది మిల్లీసెకన్లలో చుక్కలు మారిపోతే ఫొటోలో అలుక్కుపోతాయి. తిరిగే ఫ్యాన్‌ని ఫొటో తీస్తే రెక్కలు మసకబారడం లాంటిదే ఇది. ఎంత వేగంగా కదిలితే అంత మసక.

1981లో ఫెర్షర్, బ్రయర్స్ అనే శాస్త్రవేత్తలు ఈ మసకనే కొలతగా వాడొచ్చని చూపించారు. వాళ్ల దృష్టి కంటి రెటీనాలో రక్తప్రవాహం మీద ఉండేది, పని అంతా ఫిల్మ్ మీదే నడిచింది. 1990ల నాటికి కంప్యూటర్ అక్కడికక్కడే లెక్క కట్టే స్థితి వచ్చింది. 2001లో ఆండ్రూ డన్, డేవిడ్ బోయాస్ బృందం ఇదే పద్ధతితో మెదడులో రక్తప్రవాహం మారడాన్ని బొమ్మలుగా చూపించాక న్యూరోసైన్స్ ల్యాబుల్లో ఇది బాగా వ్యాపించింది.

మా ఊళ్లో షుగర్ పేషెంట్ల పాదాల పుండ్లు చూసే సర్జన్ గారు ఒకరున్నారు. ఆయన అడిగిన ప్రశ్న నా బుర్రలోంచి పోవడం లేదు. "పుండు చుట్టూ చర్మానికి రక్తం అందుతోందా లేదా అన్నది నాకు బొమ్మగా కనిపిస్తే ఎంత బాగుంటుందమ్మా! ఆ మెషీన్లు ఉన్నాయి, కానీ మా దగ్గర లేవు."

ఇక సామాన్ల సంగతి. 785 నానోమీటర్ల లేజర్ డయోడ్, 90 మిల్లీవాట్లది. దానికి కరెంటు మారకుండా ఇచ్చే డ్రైవర్. వెలుగుని పరిచే గరుకు గాజు డిఫ్యూజర్, ఒకే దిశలో కంపించే వెలుగుని మాత్రమే వదిలే పోలరైజర్, 785 దగ్గర మాత్రమే వెలుగుని వదిలే ఫిల్టర్. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దానికి ఐఎంఎక్స్296 సెన్సర్ ఉన్న నలుపు తెలుపు కెమెరా. అల్యూమినియం పట్టీలు, ఫ్యాన్లు, కనెక్టర్లు లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. లేజర్, ఆప్టిక్స్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాం.

మే, రెండో వారం

అన్నిటికన్నా ముందు కళ్లజోళ్లు. 785 నానోమీటర్ల వెలుగు కంటికి చాలా మసక ఎరుపుగా, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తుంది. ప్రమాదం అక్కడే. నిజానికి లోపలికి పోయే వెలుగు చాలా ఎక్కువ, కానీ కన్ను దాన్ని గుర్తించదు కాబట్టి రెప్ప తనంతట తాను మూసుకోదు. అందుకే ఈ తరంగదైర్ఘ్యాన్ని ఆపే కళ్లజోడు పెట్టుకోనిదే గదిలోకి ఎవరూ రాకూడదని తలుపు మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను. మాతో పనిచేసే ఫైనలియర్ పిల్లలకి మొదటి పాఠం ఇదే చెప్పాను, పరీక్ష కూడా పెట్టాను.

చర్మం విషయంలో లెక్క వేరు. ఈ రంగు వెలుగు ఎక్కువసేపు పడినా చర్మానికి ఇబ్బంది లేని పరిమితి, లేజర్ భద్రతా ప్రమాణాల ప్రకారం, చదరపు సెంటీమీటరుకి దాదాపు 300 మిల్లీవాట్లు. మేం 90 మిల్లీవాట్లని ఆరు సెంటీమీటర్ల వెడల్పు వృత్తంగా పరుస్తున్నాం. అంటే చదరపు సెంటీమీటరుకి మూడు మిల్లీవాట్ల చిల్లర. పరిమితిలో నూరో వంతు.

లేజర్‌కి ఎండాకాలం పడలేదు. తెల్ల కాగితం మీద స్పెకిల్ తీస్తుంటే చుక్కలు కాసేపు స్ఫుటంగా ఉండి, ఉన్నట్టుండి నీరసపడి, మళ్లీ తేరుకుంటున్నాయి. డయోడ్ వేడెక్కే కొద్దీ తరంగదైర్ఘ్యం మెల్లగా జరుగుతుంది, ఒక్కోసారి ఒక మోడ్ నుంచి ఇంకో మోడ్‌కి, అంటే ఒక తరంగదైర్ఘ్యం నుంచి పక్కదానికి, ఉన్నట్టుండి గెంతుతుంది. ఆ గెంతే క్షణాల్లో రెండు రకాల వెలుగు కలిసి, ఒకదాని చుక్కల మీద ఇంకోదాని చుక్కలు పడి కాంట్రాస్ట్ తగ్గిపోతుంది. పాత మినీ ఫ్రిజ్ లోంచి తీసిన పెల్టియర్ పలకని (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడేది) డయోడ్ వెనక బిగించి, వేడిని పసిగట్టే థర్మిస్టర్‌తో ఉష్ణోగ్రత కట్టడి చేశాక గొడవ ఆగింది. రక్తం కదలని కాగితమే మాకు మొదటి పేషెంటు. దాని రీడింగ్ నిలకడగా ఉంటేనే మిగతా దేన్నయినా నమ్మగలం.

మే, చివరి వారం

కెమెరా పని. మామూలు కెమెరా మనకి మేలు చేస్తున్నాననుకుని చేసే పనులన్నీ ఇక్కడ చేటే. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్, గామా, షార్ప్‌నెస్, నాయిస్ తగ్గింపు, జేపెగ్ కుదింపు అన్నీ తీసేశాం. మాకు కావలసింది పిక్సెల్ మీద పడిన వెలుగుకి నేరుగా అనుపాతంలో ఉండే ముడి అంకెలు.

తర్వాత తేల్చుకోవలసింది చుక్కల సైజు. చుక్క పిక్సెల్‌కన్నా చిన్నదైతే ఒకే పిక్సెల్‌లో వెలుగు చుక్క, చీకటి చుక్క రెండూ పడి సగటైపోతాయి, కాంట్రాస్ట్ చచ్చిపోతుంది. కనీసం రెండు పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. చుక్క వెడల్పుకి సూత్రం ఇది: 2.44 × తరంగదైర్ఘ్యం × (1 + మాగ్నిఫికేషన్) × లెన్స్ ఎఫ్ నంబర్ (ఇది పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది). మా సెన్సర్ అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, అందులో అయిదు సెంటీమీటర్ల చెయ్యి పట్టాలి కాబట్టి మాగ్నిఫికేషన్ 0.1. ఎఫ్ 2.8 దగ్గర చుక్క 5.9 మైక్రాన్లు వస్తుంది. పిక్సెల్ 3.45 మైక్రాన్లు. చాలదు. ఎఫ్ 5.6 పెడితే 11.8 మైక్రాన్లు, అంటే మూడున్నర పిక్సెళ్లు. ఎఫ్ 8 పెడితే చుక్క ఇంకా పెద్దదవుతుంది కానీ వెలుగు సగానికి పడిపోతుంది. 5.6 దగ్గర ఆగాం. లెన్స్ రింగ్ కదలకుండా టేపు చుట్టేశాం.

లెక్క చిన్నదే. ప్రతి పిక్సెల్ చుట్టూ 7×7 గడి తీసుకుని, అందులోని 49 అంకెల ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే కాంట్రాస్ట్ వస్తుంది. దాన్ని కే అంటాం. కదలిక ఎక్కువైతే కే తగ్గుతుంది. ప్రవాహ సూచికగా ఒకటి బై కే స్క్వేర్ వాడతాం. పైథాన్‌లో పది లైన్ల పని, రాస్ప్‌బెర్రీ పై మీద అప్పటికప్పుడే బొమ్మ వచ్చేస్తుంది. సిద్ధాంతం ప్రకారం పూర్తిగా కదలని వస్తువుకి కే ఒకటి దాకా ఉండొచ్చు. పోలరైజర్ లేకుండా కాగితాన్ని చూస్తే 0.7 దాటదు. పోలరైజర్ పెట్టాక కాగితం విలువ బాగా పెరిగింది. చర్మం పైన జిడ్డు మెరుపు కూడా పోయింది.

జూన్, మొదటి సగం

మనిషి చెయ్యి పెట్టేముందు పాలు. సెలైన్ సెట్ ట్యూబులో పాలు పారిస్తే పారే రక్తానికి చవకైన నకలు. ప్రవాహాన్ని రోలర్ క్లాంప్‌తో మార్చొచ్చు, బొట్లు లెక్కపెడితే కొలత కూడా తెలిసిపోతుంది. మామూలు సెట్‌లో 20 బొట్లు ఒక మిల్లీలీటరు.

ఇక్కడ చాలా నేర్చుకున్నాం. క్లాంప్ పూర్తిగా బిగించి పాలు ఆపేసినా ట్యూబు బొమ్మలో ఎర్రగానే, అంటే బాగా కదులుతున్నట్టే కనిపించింది. పిల్లలు ట్యూబు లీకవుతోందేమోనని కీళ్లన్నీ వెతికారు. లీకేజీ ఏమీ లేదు. పాలు నిలిచి ఉన్నా అందులోని కొవ్వు, కేసిన్ అనే ప్రోటీన్ రేణువులు బ్రౌనియన్ చలనంతో, అంటే చుట్టూ ఉన్న నీటి అణువులు తడుతుంటే ఎటుపడితే అటు, కదులుతూనే ఉంటాయి. ప్యాకెట్ పాలలో కొవ్వు బొట్లని ఫ్యాక్టరీలో ఒక మైక్రాన్‌లోపుకి చిదిమేస్తారు, చిన్న రేణువు మరింత చురుగ్గా ఊగుతుంది. పైగా వెలుగు పాలలో వందలసార్లు దారి మళ్లి బయటికొస్తుంది, ఒక్కో మలుపులోని చిన్న కదలికా మిగతావాటితో కలుస్తుంది. అయిదు మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌లో చుక్కలు ఎప్పుడో కలిసిపోయాయి. ఇక పారించినా ఆపినా తేడా ఏం కనిపిస్తుంది?

మెడికల్ షాపు నుంచి గ్లిజరిన్ తెచ్చి పాలతో బరువు లెక్కన సగం సగం కలిపాం. చిక్కదనం నీళ్లకి అయిదారు రెట్లయ్యింది, రేణువుల ఊగులాట తగ్గింది. ఎక్స్‌పోజర్‌ని ఒక మిల్లీసెకనుకి దించాం. అప్పుడు క్లాంప్ తిప్పినకొద్దీ ట్యూబు రంగు మారడం మొదలైంది. బొట్ల లెక్కకీ సూచికకీ గ్రాఫు గీస్తే సరళరేఖ రాలేదు కానీ క్రమం తప్పలేదు. ఎక్కువ ప్రవాహానికి ఎక్కువ సూచిక, ప్రతిసారీ.

ఈ కెమెరా నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్పదు. ఇందాకటికన్నా పెరిగిందా తగ్గిందా, ఇక్కడికన్నా అక్కడ ఎక్కువా అన్నది మాత్రం చెబుతుంది. సర్జన్ గారికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. "నాకు కావలసిందీ అదే" అన్నారు.

జూన్, చివరి వారం

చెయ్యి. ప్రస్తుతానికి నా చెయ్యి మాత్రమే. పిల్లల్ని గానీ ఇంకెవర్నయినా గానీ కెమెరా కింద కూర్చోబెట్టడం ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే.

ముందు ఫ్యాన్ ఆపాలి. సీలింగ్ ఫ్యాన్ ఊగితే బల్ల ఊగుతుంది, బల్ల ఊగితే చుక్కలు ఊగుతాయి, కెమెరా దాన్నీ రక్తప్రవాహం కిందే లెక్కేస్తుంది. మా ల్యాబ్ అటెండర్ గారు పాపం కాగితం అట్టతో విసురుకుంటూ కూర్చున్నారు. చెయ్యి కదలకుండా ఇసుక నింపిన గుడ్డ సంచి మీద గుంట చేసి అందులో ఆనించాను.

మామూలు ఫొటోలో చేతి వెనక సిరలు నల్లటి గీతల్లా స్పష్టంగా ఉన్నాయి. ప్రవాహ బొమ్మలో మాత్రం అవి దాదాపు కనిపించవు. పిల్లలు నిరాశపడ్డారు. కానీ అది సరైనదే. ఈ పద్ధతి చూసేది ఎక్కువగా పైన ఒక మిల్లీమీటరులోపు ఉన్న కేశనాళికల అల్లికని. సిరలు దానికి కింద ఉంటాయి, వాటిమీది చర్మం కదలని తెరగా అడ్డు పడుతుంది. బొమ్మలో వెలిగిపోతున్నది వేళ్ల చివర్లు. అక్కడ ధమనుల నుంచి సిరలకి నేరుగా దారులుంటాయి, శరీరం వేడిని బయటికి వదిలే చోట్లలో అదొకటి. చల్లటి నీళ్లలో చెయ్యి ముంచి తీసి చూస్తే వేలికొసల ఆ వెలుగు చటుక్కున తగ్గిపోయింది, తుడుచుకుని కూర్చుంటే మెల్లగా తిరిగొచ్చింది.

తర్వాత బీపీ కఫ్ పరీక్ష. పై చేతికి కఫ్ కట్టి సిస్టాలిక్ ఒత్తిడి (బీపీలో పై అంకె) దాటేదాకా గాలి కొట్టి, మూడు నిమిషాలు ఉంచి వదిలేయాలి. గ్రాఫు చక్కగా వచ్చింది. బిగించగానే సూచిక పడిపోయింది, వదలగానే మొదటి స్థాయిని దాటి ఎగిసింది, తర్వాత నెమ్మదిగా మామూలుకి దిగింది. రక్తం అందక అలమటించిన కణజాలం తన బాకీ వసూలు చేసుకోవడమే ఆ ఎగువ శిఖరం. రక్తనాళాల ఆరోగ్యాన్ని చూడటానికి వైద్య పరిశోధకులు ఈ స్పందననే వాడతారు. ఒకటి గమనించాం. కఫ్ బిగించి ఉన్నంతసేపూ సూచిక కాగితం స్థాయికి రాలేదు. రక్తం ఆగినా కణాలు ఊగుతూనే ఉంటాయి. దీన్ని బయలాజికల్ జీరో అంటారు. పాల ట్యూబు దగ్గర కుస్తీ పట్టిన పిల్లలకి దీన్ని వివరించే పని నాకు లేకుండా పోయింది, వాళ్లే నాకు చెప్పారు.

జులై

ఈ ప్రాజెక్టులో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకున్న భాగం ఇది.

2020 చివర్లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా వైద్యుల పరిశోధన ఒకటి వచ్చింది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపిస్తున్నా నిజానికి రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న సందర్భాలు, తెల్లవాళ్లకన్నా నల్లజాతి పేషెంట్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా దొరికాయి. వెలుగుతో పనిచేసే ఏ పరికరానికైనా చర్మం రంగు ఒక పరీక్షే. అలాంటప్పుడు మా కెమెరా చామనఛాయ పాదం మీద, నల్లటి పాదం మీద ఒకే జవాబిస్తుందా?

పైకి చూస్తే ఇవ్వాలి. విచలనాన్ని సగటుతో భాగిస్తున్నాం కాబట్టి వెలుగు తగ్గితే రెండూ తగ్గుతాయి, నిష్పత్తి మారదు. కానీ కెమెరాకి తన సొంత గోల ఉంది. కాంతి కణాలు వచ్చి పడటంలో ఉండే ఎగుడుదిగుడు ఒకటి, సెన్సర్ అంకెల్ని చదివేటప్పుడు చేరే నాయిస్ ఇంకోటి. వెలుగు బాగా ఉన్నప్పుడు ఇవి లెక్కలోకి రావు. వెలుగు తగ్గేకొద్దీ వీటి వాటా పెరిగి సగటుతో పోలిస్తే విచలనం ఉబ్బుతుంది, కే పెరుగుతుంది, ప్రవాహ సూచిక తగ్గుతుంది. అంటే ఒకే రక్తప్రవాహం ఉన్న రెండు పాదాల్లో నల్లటి పాదానికి రక్తం తక్కువ అందుతున్నట్టు బొమ్మ చెబుతుంది. వేలు తీసేయాలా ఉంచాలా అని ఆలోచించే డాక్టరు ముందు అలాంటి బొమ్మ పెట్టడం నాకు సమ్మతం కాదు.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వెలుగుని మింగడం తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 650 నానోమీటర్ల చవక ఎర్ర లేజర్‌తో పోలిస్తే 785 దగ్గర అది సగానికి దగ్గరగా పడిపోతుంది. పాయింటర్ లేజర్ వదిలి దీనికి డబ్బులు పెట్టిన కారణాల్లో ఇదొకటి. ఆషాఢం రావడంతో దీనికి మంచి రుజువు కూడా దొరికింది. నా అరచేతిలో గోరింటాకు, నడుమ చందమామ, చుట్టూ చుక్కలు, అన్ని వేళ్లకీ టోపీలు. బాగా పండింది.

"మేడమ్, ఇది పోయేదాకా ఆగాలా? రీడింగ్ పాడవుతుందేమో," అంది మా అమ్మాయిల్లో ఒకరు.

పెట్టి చూద్దాం అన్నాను. స్క్రీన్ మీద చందమామ లేదు! 785 వెలుగులో అరచెయ్యి అంతా ఒకే తెలుపు, వేలి టోపీలు కూడా మాయం. గోరింటాకు రంగు నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని మింగి ఎర్రగా కనిపిస్తుంది, పరారుణం వైపు వెళ్లేసరికి దానికి ఆ వెలుగుతో పని లేదు. కంటికి కనిపించే రంగుకీ కెమెరాకి అందే వెలుగుకీ మధ్య ఎంత దూరమో పిల్లలు కళ్లారా చూశారు. మెలనిన్ మాత్రం అలా పూర్తిగా తప్పుకోదు. తగ్గుతుందంతే.

కాబట్టి నాయిస్‌ని కొలిచి తీసేయాలి. లెన్స్ మూసి డార్క్ ఫ్రేములు తీశాం. తర్వాత మామూలు ఎల్ఈడీ వెలుగుని, స్పెకిల్ రాదు కాబట్టి, తెల్ల కాగితం మీద రకరకాల ప్రకాశాల్లో వేసి, వరసగా తీసిన ఫ్రేముల్లో ఒక్కో పిక్సెల్ సగటుకి దాని వేరియన్స్ (విచలనం వర్గం) ఎలా పెరుగుతోందో గ్రాఫు గీశాం. సరళరేఖ వచ్చింది. దాని వాలు కెమెరా గెయిన్, అది నిలువు అక్షాన్ని కోసే చోటు రీడ్ నాయిస్. ఇక ప్రతి గడిలోనూ మొత్తం వేరియన్స్ నుంచి ఈ రెండు వాటాలూ తీసేశాక మిగిలేదే నిజమైన స్పెకిల్.

ఇది పనిచేస్తోందా అని తేల్చడానికి పాత ఎక్స్‌రే ఫిల్ములు పనికొచ్చాయి. లేజర్ కరెంటు తగ్గిస్తే వెలుగు తగ్గుతుంది కానీ లేజర్ తీరు కూడా మారిపోతుంది. అందుకని లేజర్‌ని ముట్టుకోకుండా దాని దారిలో ఒకటి, రెండు, మూడు ఫిల్మ్ ముక్కలు అడ్డం పెడుతూ పోయాం. కింద అదే గ్లిజరిన్ పాల ట్యూబు, అదే బొట్ల లెక్క. సవరణ లేని కే గీత ఒక్కో ముక్కకీ ఎక్కుతూ పోయింది. సవరణ చేసిన గీత బల్లపరుపుగా నిలబడింది. అది చూసి మా పిల్లలు వేసిన కేకకి పక్కగది కెమిస్ట్రీ వాళ్లు తొంగి చూశారు.

మరీ చీకటైతే సవరణా ఆదుకోదు. ఒక హద్దు దాటాక గీత అటూ ఇటూ చెల్లాచెదురైపోయింది. అక్కడ ప్రోగ్రాంలో ఒక నియమం పెట్టాం. ఆ హద్దుకన్నా తక్కువ వెలుగు అందిన పిక్సెల్‌కి నీలం, ఎరుపు ఏదీ వేయకూడదు, బూడిద రంగు వేయాలి. నీలం అంటే రక్తం తక్కువ అని అర్థం. బూడిద అంటే కెమెరాకి తెలియదు అని అర్థం. ఈ రెండూ కలిసిపోయేలా గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా నేను వాడను.

ఆగస్టు, మొదటి వారం

సర్జన్ గారు వచ్చి చూశారు. కఫ్ వీడియో రెండుసార్లు వేయించుకున్నారు. బూడిద మచ్చల గురించి అడిగితే చెప్పాను. "ఇది ఉండాల్సిందే. అక్కడ ఎక్స్‌పోజర్ పెంచి మళ్లీ తీసే వీలుందా?" అన్నారు. ఉంది, కానీ ఎక్స్‌పోజర్ మారితే కే కూడా మారుతుంది, ఒకే బొమ్మలో రెండు ఎక్స్‌పోజర్లని పక్కపక్కన పోల్చలేం. దానికన్నా అదే ఎక్స్‌పోజర్‌తో ఎక్కువ ఫ్రేములు తీసి, వాటి కే విలువలకి సగటు కట్టడం మేలు. ఆ మార్పు ఈ వారమే మొదలుపెట్టాం.

పుండు విషయంలో ఆయన ఇంకో మాట చెప్పారు. పుండు మీద తడి ఉంటుంది, పొక్కు ఉంటుంది, చుట్టూ చర్మం కాయ కాచి మందంగా ఉంటుంది. ఆ మందం కదలని తెర, అంటే అక్కడ ప్రవాహం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. దీన్ని అగర్ పొరలతో పరీక్షించాలి. చైనా గ్రాస్ మరిగించి, వెలుగు చెదరడానికి టైటానియం డయాక్సైడ్, మెలనిన్ బదులు డ్రాయింగ్ ఇంకు కలిపి, అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా పలకలు పోసి ట్యూబు మీద పరుస్తున్నాం. మొదటి పలకలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.

ఎథిక్స్ కమిటీకి పెట్టిన అర్జీలో వాలంటీర్లని ఎంచే పద్ధతి దగ్గర ఒక షరతు నేనే రాశాను: చర్మం రంగుని కంటితో అంచనా వేయకుండా మీటర్‌తో కొలవాలి, లేత నుంచి ముదురు దాకా అన్ని ఛాయల వాళ్లూ సమానంగా ఉండాలి. అనుమతి వచ్చేలోపు పాదం ఆనించే స్టాండు తయారవ్వాలి. మడమ దగ్గర ఇసుక సంచి జారిపోతోంది, వడ్రంగికి కొలతలిచ్చాం.